కాలువ కట్ట మీద ఒక్క బూటు

ఒక మనిషి అనని మాటను అతని నోట్లో పెట్టి నాలుగేళ్లు తిరిగాను. చిన్న మాటే. "నువ్వు పో" అన్నాడని చెప్పాను. అతను అనలేదు. ఇంత చిన్న అబద్ధానికి అంత బరువేమిటని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అదే అనుకున్నాను, నన్ను నేను అలాగే బుజ్జగించుకున్నాను కూడా. కానీ పొద్దున్నే బూట్లు వేసుకోవడానికి వంగి లేసు పట్టుకోగానే వేళ్లు ఆగిపోయేవి. నాకు నడుం పట్టిందని ఇంట్లో వాళ్లు అనుకునేవారు. జండూబామ్ రాసేవారు. నేను రాయించుకునేవాణ్ని.

నా పేరు మీకు అక్కర్లేదు. మెదక్‌లో ఎలక్ట్రికల్ సామాను దుకాణం నాది. కాలేజీ రోజుల్లో బాగా పరుగెత్తేవాణ్ని. ఆ తర్వాత పెళ్లి, దుకాణం, కుర్చీ, పొట్ట. నలభై దాటాక డాక్టర్ షుగర్ అంచున ఉన్నావన్నాడు. ఆ సాయంత్రమే కొత్త బూట్లు కొన్నాను. మరునాటి నుంచి ఇంకా ఇరవై ఏళ్లవాణ్నే అన్నట్టు ఉరికాను. వారం తిరక్కుండానే మోకాలు ఉబ్బింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. నెలల తరబడి ఫిజియోథెరపీ. కాసేపు నడవాలి, కాసేపు పరుగెత్తాలి, పక్కవాడితో మాట్లాడగలిగినంత మెల్లగానే పరుగెత్తాలి, నొప్పి తెలిస్తే ఆగిపోవాలి. ఇవన్నీ బుద్ధిగా నేర్చుకున్నాను. ఆగడం ఒక్కటే రాలేదు.

మాది చర్చి దగ్గర ఆదివారం తెల్లవారక ముందే కలిసే గుంపు. టీచర్లు, దుకాణాలవాళ్లు, ఒక రిటైరైన కండక్టర్. అందరిలోకి పెద్దవారిని సార్ అంటాం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. గుంపు చివర ఒక మనిషి ఉండాలి. అతన్ని 'తోక' అంటాం. అందరికంటే మెల్లగా వచ్చేవాడు ఎవరైతే, తోక అతని వెనకే ఉండాలి. దాటి పోకూడదు. హవేలిఘనపూర్ వైపు కాలువ కట్ట మీద చీకట్లో ఎవరి కాలైనా మడతపడితే చూసే మనిషి ఒకడుండాలి కదా. నా మోకాలు బాగయ్యేదాకా నన్నే తోకగా పెట్టారు. నా మోకాలికి మందు, గుంపుకు కాపలా అన్నారు. "తోకన్న" అని పిలిచేవారు. నేను నవ్వేవాణ్ని. లోపల ఒళ్లు మండేది. మందిని దాటి పరుగెత్తినవాణ్ని, నన్ను తోక అంటారా!

అందరికంటే మెల్లగా వచ్చేవాడు యాదగిరి. ఫ్లెక్సీలు ప్రింట్ చేసే దుకాణం అతనిది. నాకంటే చిన్నవాడు, బీపీ తగ్గించుకోవడానికి చేరాడు. భారీ మనిషి. అతని బూట్ల లేసులు ఎప్పుడూ ఊడిపోయేవి. రెండు ముళ్లు వేసుకోరా అని అందరం ఎక్కిరించేవాళ్లం. మళ్లీ వారం మళ్లీ ఊడేవి. అతను ఆగి వంగి, ఆయాసపడుతూ కట్టుకునేవాడు. నేను పక్కన నిలబడి కాలు ఆడిస్తూ చూసేవాణ్ని. ఎన్ని ఆదివారాలు అలా నిలబడ్డానో.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. యాసంగి పంటకు కాలువలో నీళ్లు వదిలారు. నీళ్లు కనపడవు, చప్పుడు మాత్రం పక్కనే వస్తూ ఉంది. ముందువాళ్ల నవ్వులు మంచులోంచి వినిపిస్తున్నాయి. నా మోకాలిలో నొప్పి లేదు. నెలల తర్వాత మొదటిసారి, బొత్తిగా లేదు. ఆ సంతోషం ఎలాంటిదో పరుగెత్తేవాళ్లకే తెలుస్తుంది. ఒళ్లంతా ముందుకు లాగుతుంది. సరిగ్గా అప్పుడే యాదగిరి ఆగాడు.

"జర ఆగన్నా. లేసు కట్టుకుంట. బూట్ల రాయి గూడ వడ్డది."

ఇదీ అతను అన్న మాట. ఇంతే. ఒక చెయ్యి నా భుజం మీద వేసి బూటు విప్పడం మొదలుపెట్టాడు. నేను భుజం తప్పించాను. తోసెయ్యలేదు, ఒట్టు. మెల్లగానే తప్పించాను. ముందువాళ్లను ఒక్కసారి అందుకుని మళ్లీ వెనక్కి వద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇన్నాళ్ల తర్వాత నాకే నమ్మకం లేదు. అనుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది కాబట్టి అనుకున్నానేమో.

ఉరికాను. ఇద్దరిని దాటాను. మరొకరిని దాటాను. "తోక ముందుకొచ్చింది రా!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఆ క్షణం నాకు ఎంత బాగుందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు సార్ ఆగి వెనక్కి చూశారు. "యాదగిరేడి?" అన్నారు.

నియమం తప్పానని చెప్పాలి. చెబితే అందరి ముందూ నాలుగు మాటలు పడాలి. వెనక్కి పోవాలి. ఈ మాత్రానికే, వినండి, ఈ మాత్రానికే నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"నువ్వు పో అన్నా, నేను ఇంటికి మర్లపోత అన్నడు సార్."

సార్ తలూపారు. అందరం ముందుకు సాగాం. తిరుగుదారి రోడ్డు మీదుగా వచ్చాం, కట్ట మీదికి ఎవరూ పోలేదు. ఎందుకు పోతారు? అతను ఇంట్లో ఉన్నాడు కదా. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ నా మోకాలు బాగైన సంగతే మాట్లాడుకున్నాం.

మడికి నీళ్లు తిప్పుకోవడానికి వచ్చిన ఒక రైతు అతన్ని చూశాడట. తూము దగ్గర ఇనుప జాలీకి చిక్కుకుని ఉన్నాడు. తల పగిలింది. సగం ఒళ్లు నీళ్లలో ఉంది. ఎంతసేపు అలా ఉన్నాడో ఎవరికీ తెలియదు. మెదక్ దవాఖాన, అక్కడి నుంచి హైదరాబాద్. బతికాడు. ఆ పొద్దున మాత్రం అతని తలలోంచి పూర్తిగా పోయింది. మళ్లీ రాలేదు.

కట్ట మీద ఒక్క బూటు ఉంది. విప్పి పెట్టినట్టుగా ఉంది.

ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నీళ్లలో దూకేవాళ్లు చెప్పులు గట్టున విడిచి దూకుతారు. చెరువు దగ్గర చెప్పుల జత కనబడితే మా ఊళ్లలో ముందు గుండె జారుతుంది, తర్వాతే మనుషులు పరుగెత్తుతారు. ఇక్కడ బూటు ఉంది. పైగా తోడున్నవాణ్ని ముందే పొమ్మన్నాడు. ఆ మాట నేను చెప్పిందే. రెండూ కలిపి చూసుకున్నారు. పైకి ఎవరూ అనలేదు. అందరికీ తెలిసిపోయింది.

దవాఖానలో అతని భార్య సుజాత నన్ను పక్కకు పిలిచింది. కళ్లలో నీళ్లు లేవు. అది చూసి ఇంకా భయం వేసింది నాకు.

"అన్నా, నిజంగనే పొమ్మన్నడా నిన్ను? రాత్రి నేనే అన్న. ఈ పరుగులేంది, దుకాణం సోయి లేదా, పోతే పో, మళ్ల రాకు అన్న. గందుకేనా?"

అప్పుడు చెప్పాల్సింది. ఆమె ముఖంలోకి చూస్తూ ఉన్నాను. బూటు రాయి కోసం విప్పాడనీ, ఒంటికాలి మీద పట్టు తప్పి జారి ఉంటాడనీ తెలిసినవాణ్ని లోకంలో నేనొక్కణ్నే. సార్ వెనక నిలబడి ఉన్నారు. ఇప్పుడు చెబితే, ఒక మనిషిని నీళ్లపాలు చేసి చాయ్ తాగినవాణ్ని అవుతాను. చెప్పకపోతే మంచివాణ్నే.

"అవునమ్మా," అన్నాను. "పొమ్మన్నడు."

మొదటి అబద్ధం తొందరలో వచ్చింది. ఇది ఆలోచించి చెప్పింది. నాకు ఏదైనా శిక్ష ఉంటే దీనికే ఉండాలి.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నా కళ్లతో చూశాను, ఎందుకంటే పోయి చూసివచ్చే మంచివాణ్ని నేనే. సుజాత లోపలి తలుపుల గడియలన్నీ పీకించింది. బాత్రూం తలుపుకు కూడా గడియ లేదు. అతను స్నానానికి పోతే ఆమె బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది, లోపలి నుంచి జవాబు రావాలని. పిల్లలు నాన్నను ఒంటరిగా వదిలేవారు కాదు. కత్తిపీట ఎక్కడుందో అడిగితే ఆమె ముఖం మారిపోయేది. రాత్రి అన్న ఆ మాటను ఆమె మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అసలు గట్టిగా మాట్లాడటమే మానేసింది.

యాదగిరి మాత్రం నన్ను అడుగుతూ ఉండేవాడు. ఆ రోజు నేనేమన్నానన్నా, మళ్లా చెప్పు అనేవాడు. నేను చెప్పేవాణ్ని. అడిగిన ప్రతిసారీ కాస్త కలిపేవాణ్ని కూడా, నమ్మకంగా ఉండాలని. గొంతు డల్‌గా ఉండె అన్నాను ఒకసారి. అతను తలూపి విన్నాడు. తర్వాతెప్పుడో ఆ మాటను అతనే వేరేవాళ్లకు చెబుతుంటే విన్నాను. తనకే యాదికొచ్చినట్టు చెబుతున్నాడు.

ఈ సంవత్సరం డాక్టర్ అతన్ని నడవమన్నాడు. మెల్లగా పరుగెత్తవచ్చు అన్నాడు. సుజాత ఒక్క షరతు పెట్టింది. వెనక నేనుండాలి.

ఉన్నాను. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. నాకు నేర్పిందంతా అతనికి నేర్పాను. కాసేపు నడక, కాసేపు పరుగు. మాట్లాడుతూనే ఉండాలి. రెండు ముళ్లు వేసుకో. ఇంత శ్రద్ధ నీకు ఎక్కడి నుంచి వస్తుందని గుంపులో అడుగుతారు. పరుగు మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు నా దగ్గరికి వచ్చి కిటుకు చెప్పమంటారు. అలవాటు చేసుకోవాలి అంటాను. అసలు సంగతి భయం. నేను పోని రోజున అతను పోతాడేమో, ఆ కాలువ దగ్గర ఆగుతాడేమో, నేను కల్పించిన మనిషి నిజంగానే అతనిలో లేచి నిలబడతాడేమో అని భయం. ఈ సంవత్సరమంతా దెబ్బ తగలకుండా పరుగెత్తానంటే కారణం అదే. అతని వెనక నేను అంత మెల్లగా పోయాను.

తూము వచ్చినప్పుడల్లా అతను ఆగేవాడు. నీళ్లవైపు చూసేవాడు. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడేవాణ్ని. పోయిన ఆదివారం కూడా ఆగాడు. కాలువ నిండుగా పోతోంది. చాలాసేపు చూశాడు. నావైపు తిరక్కుండానే అన్నాడు.

"నాకేం యాదికి లేదన్నా. గని ఒక్కపారి అనిపించింది మళ్ల అనిపియ్యదా? గట్ల అనిపించిన నాడు, నేను పొమ్మన్నా నువ్వు పోకు."

నా అబద్ధం అతని నోటి నుంచి నన్నే బతిమాలుతోంది.

"నువ్వు పొమ్మనలే యాదగిరీ," అన్నాను. "జర ఆగన్నా అన్నవ్. బూట్ల రాయి వడ్డదన్నవ్. లేసు కట్టుకుంట అన్నవ్. నేనే ఆగలే."

అతను తిరిగాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. నా ముఖం వైపు కాదు, తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"అంటే నేను సావాలనుకోలే," అన్నాడు.

నన్ను అడగలేదు. తనకు తానే చెప్పుకున్నాడు. పెదవులు కదిలాయి, ఇంకోసారి అనుకున్నట్టున్నాడు. ఆ తర్వాత ఇంటివైపు తిరిగాడు.

"నా ఎనక రాకన్నా."

పరుగెత్తాడు. బరువుగా, మెల్లగా, వెనక ఎవరూ లేకుండా. పోవాలా, ఆగాలా? ఆగమన్ననాడు పోయినవాణ్ని. ఈ రోజు రావద్దన్నాడు. ఆగాను. అతను కనపడకుండా పోయేదాకా నీళ్ల చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ రోజంతా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. ఇలాంటి మాట అలాంటి చోట చెబుతారా, మళ్లీ తప్పు చేశానా అని చచ్చాను. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. గుంపులోవాళ్లు కూడా చెయ్యలేదు. వాళ్లకు ఇంకా పాత కథే తెలుసు. రేపు ఆదివారం, చర్చి దగ్గర సార్ ముందు నిలబడి చెప్పాలి.

ఎందుకు ఆగలేదని యాదగిరి అడగలేదు. అడుగుతాడని కూడా అనుకోను. అతనికి దానితో పని లేదు. ఆ ఎందుకు నా దగ్గరే మిగిలింది, అందుకే మీకు ఇదంతా. మోకాలు నొప్పి లేదు, నలుగురి ముందుకు పోవాలనిపించింది, నలుగురిలో మాట పడటం ఇష్టం లేకపోయింది. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను. దొరకలేదు. రాశాక గుండె కొంచెం తేలికైంది. అలా తేలికవడం న్యాయం కాదనీ తెలుసు. అయినా తేలికైంది, అబద్ధం చెప్పను.

నిన్న వాళ్ల వీధిలోంచి పోయాను. కావాలనే పోయాను. ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు. వాకిట్లోకి వచ్చింది సుజాత, చేతిలో కొత్త గడియ, స్క్రూల కవరు. నన్ను చూసింది. ఏదో ఒకటి అంటుందని నిలబడ్డాను. తిట్టినా వినాలని నిలబడ్డాను.

ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వీధిలోకి వినిపించింది.