పడవ ఎక్కని లారీలు

అది 2022. ఎర్రగుంట్ల దగ్గర లారీలకు బాడీ కట్టే ఒక షెడ్డులో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. డ్రాయింగ్‌లో ఉన్న కొలత బండి మీద ఉందో లేదో చూడడం నా పని. రవ్వంత తేడా వచ్చినా విప్పించేవాణ్ణి. నన్ను చూస్తే షెడ్డులో అందరికీ ఒళ్లు మంట. అది చూసి నేను లోలోపల గర్వపడేవాణ్ణి కూడా.

ఆ ఏడు మా సిమెంటు లారీల నడుమకు ఆరు మిలిటరీ లారీలు వచ్చాయి. ఒక చిన్న దీవుల దేశపు సైన్యానికి మన దేశం ఉచితంగా ఇస్తున్నవి. వాటి ప్రీ డిస్పాచ్ ఇన్‌స్పెక్షన్‌కు, అంటే బండి గేటు దాటేముందు తీసుకునేవాళ్ల ఎదుట జరిగే తనిఖీకి, ఆ దేశపు కెప్టెన్ ఒకాయన వచ్చాడు. ఇంజను జోలికి పోలేదు, టైర్లు చూడలేదు. నా టేపు అడిగి తీసుకుని, టార్పాలిన్ నిలబెట్టే ఇనుప పైపుల దాకా ఎత్తు కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

వాళ్ల దగ్గర బండి ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవలోనే పోవాలట. ఆ పడవ కప్పు కన్నా మా బండి జానెడు ఎత్తు. చివరి దీవిలో కాపలా ఉన్న సైనికులు మంచినీళ్లు సైతం భుజాల మీద మోసుకుంటున్నారని, ఈ లారీల మీదే ఆశ పెట్టుకున్నారని చెప్పాడు. ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

"మమ్మల్ని ఎవరూ అడగలేదు. డ్రాయింగ్ కూడా బహుమతితోపాటే వచ్చింది" అన్నాడు ఇంగ్లీషులో.

అక్కడికి పోయాక పైపులు కోసుకోమన్నాను. అనుమతి లేకుండా ఏది మార్చినా స్పేర్ పార్టులు ఆగిపోతాయని ఒప్పందంలో ఉందట. వద్దంటే పెద్ద దేశం మొహాన కొట్టినట్టవుతుందట.

మా షెడ్డులో బాడీలు కట్టే మస్తాన్ మేస్త్రికి సంగతి చెబితే ఆయన తేలిగ్గా తేల్చేశాడు.

"పత్తి బండ్లకు పెడతాండాం గదప్పా, అట్లే పిన్నులు పెడదాం. పడవెక్కేటప్పుడు పైపులు పీకేస్తారు, దిగినాక తగిలిస్తారు. రొండు దినాల పని."

"డ్రాయింగ్‌లో వెల్డింగ్ అని ఉండాది మేస్త్రీ."

"అది గీసినోడు ఆ పడవను చూసినాడా?"

ఆయన అన్నది నిజమే. అయినా ఒప్పుకోలేదు. మార్పు కావాలంటే పైకి రాయాలి, జవాబుకు నెలలు పడుతుంది. నిజం చెప్పాలంటే, నేను రాయనైనా లేదు. నా కాగితం మీద మచ్చ పడకూడదనుకున్నాను. తనిఖీ ఫారంలో గడులన్నీ టిక్కులతో నింపి కెప్టెన్ ముందుంచాను. ఆయన సంతకం పెట్టి పెన్ను మూశాడు.

"చివరి దీవిలో సైన్యాన్ని ఉంచాలా వద్దా అని మావాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఇక ఆ వాదనతో పని లేదు" అన్నాడు.

ఆర్నెల్లకు ఒక ఫోటో పంపాడు. రేవులో ఆరు లారీలు వరుసగా మెరుస్తున్నాయి. చివరి దీవి కాపలా ఎత్తేశారని కింద ఒక్క వాక్యం. చాలా సిగ్గేసింది.

ఇప్పుడు టేపు తీసేముందు, ఈ బండి ఎక్కడ తిరుగుతుందని అడుగుతాను. ఫారంలో దానికి గడి లేదు, అంచున రాసుకుంటాను. ఆ ఆరు లారీల ఫారాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి ప్రకారం ఆ బండ్లలో ఒక్క లోపమూ లేదు.