పోలమ్మ సామెత

ఫిషింగ్ హార్బర్లో చేపలు కోసే పోలమ్మ నోట సామెత లేని పూట లేదు. పక్క బుట్టల వాళ్లు తగువు పడితే ఆమె దగ్గరికే వచ్చేవారు. కత్తిపీట మీంచి తలెత్తకుండా ఆమె ఒక సామెత విసిరితే అదే తీర్పు. సామెతలన్నీ నెగ్గినవాళ్లు చెప్పినవేననీ, ఓడినవాళ్లవి మనదాకా రాలేదనీ ఆమెకెవరూ చెప్పలేదు.

కిందటేడు కూతురు సీతాలు, మొగుడు కొడుతున్నాడని పుట్టింటికొచ్చింది. "సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారే పెద్దలు. ఎల్లు," అని పోలమ్మే ఆటో ఎక్కించి పంపేసింది.

ఇవాళ ఆసుపత్రి మంచం మీద సీతాలు చేతికి పిండికట్టు ఉంది. ఎలా విరిగిందని డాక్టరమ్మ అడిగితే, ఐసు మీద జారిపడ్డానంది.

"నిజం సెప్పే! ఆడే ఇరిసేసేడని సెప్పు," అని పోలమ్మ చెవిలో బతిమాలింది.

"సెయ్యి ఇరిగిందని సెప్పేను కదమ్మా, రోగం రట్టు. ఎవులు ఇరిసేరో అది గుట్టు. నువ్వే కదా నేర్పేవు?"

డాక్టరమ్మ జారిపడిందనే రాసుకుని వెళ్లిపోయింది. గుమ్మంలో కొబ్బరిబొండాం పట్టుకుని నిలబడ్డ అల్లుడు కోటి నవ్వాడు. "పెంపకమంటే నీదే, అత్తా."

పోలమ్మ ఆ బొండాం అందుకుని కూతురి నోటికి పెట్టబోయింది. సీతాలు గోడవైపు తిరిగి పడుకుంది.