భాయ్ కేక ఉన్న పాట

పోయిన నెలలో చిత్తూరు బస్టాండు దగ్గరి సెల్‌కొట్టు భాయ్ చనిపోయారు. ఆ కబురు నాకు చెప్పింది, ఎప్పుడూ ఆయన దగ్గరే పాటలు ఎక్కించుకునే ఒక ఆటో డ్రైవరు. "గుండెనొప్పంటమ్మా, ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయినాడు" అన్నాడు. అప్పుడు ఆటోలో మా పాటే మోగుతోంది. కట్టేయబోతే వద్దన్నాను.

ఆ పాట సంగతి చెప్పకుండా భాయ్ గురించి చెప్పలేను. మేం నలుగురం, సొంతంగా పాటలు కట్టి పాడుకునే బ్యాండు మాది. ఏ కంపెనీ అండా లేదు గనక, ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేలా పాటల్ని నెట్‌లో పెట్టేవాళ్ళం. చేసుకున్నవాళ్ళు మాత్రం మా చుట్టాలే. ప్రాక్టీసుకు చోటు లేక తిరుగుతుంటే భాయ్ కొట్టు మీది గది ఇచ్చారు. "మీరు డ్రమ్ములు కొడితే కింద నాకు ఫోన్ ఇనపడదు. కానీలే, వచ్చేవన్నీ పనికిమాలిన ఫోన్లే" అన్నారు.

తొలి పాట రికార్డు చేస్తున్నాం. సరిగ్గా నేను ఊపిరి తీసుకునే చోట మెట్ల మీంచి ఆయన కేక: "టీ వచ్చిండాదప్పా!" తిట్టుకుంటూ మళ్ళీ పాడాం. రెండు రికార్డింగులూ ఆయన కంప్యూటర్లోనే ఉండిపోయాయి. మేం మంచిది నెట్‌లో పెడితే, ఆయన పొరపాటున కేక ఉన్నదాన్ని పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించేశారు. ఎవరొచ్చి సినిమా పాటలు అడిగినా ముందు మాది ఎక్కించాకే తక్కినవి. "మనూరి పిల్లోళ్ళది ముందు ఇనప్పా. ఉత్తదే, డబ్బులొద్దు. బాగుంటే వాళ్ళు పాడేకాడికి వచ్చి నిలబడు" అనేవారు. బాగాలేదన్న వాళ్ళతో పోట్లాట కూడా పెట్టుకునేవారు. బంగారుపాళ్యం మామిడికాయల లారీల్లో, పుత్తూరు ఆటోల్లో, కేకతో సహా మా పాట తిరిగింది.

నాకు ఒళ్ళు మండింది. మార్చమని పోరితే, "ఇనేటోళ్ళకు లేని బాధ నీకేంది పాపా?" అని నవ్వేశారు.

మేం మొదటిసారి టికెట్టు పెట్టి పాడినప్పుడు హాలు నిండుతుందని ఎవరం అనుకోలేదు. నిండింది. ఆ చోటు రాగానే జనమంతా "టీ వచ్చిండాదప్పా!" అని అరిచారు. వెనక వరసలో భాయ్ సిగ్గుతో తల దించుకున్నారు. ఆయన చేతిలోనూ టికెట్టే. మీకెందుకు భాయ్ అంటే, "పాట ఉత్తగా తీసుకోవచ్చు పాపా. మనిసి ఎదురుగా నిలబడి పాడతావుంటే ఉత్తగా ఇనకూడదు" అన్నారు.

ఆయన పోయాక మాకు నిజంగా భయమేసింది. ఇక మమ్మల్ని ఊరూరా మోసేదెవరు? తిరుపతిలో పాడతామని ముందే ఒప్పుకున్నాం. అదే చివరి కచేరీ అనుకుని వెళ్ళాం.

తలుపు దగ్గర ఆటో డ్రైవర్లు, లారీ డ్రైవర్లు టికెట్లు కొంటున్నారు. ఇంత దూరం వచ్చారేంటన్నా అని అడిగితే, నాకు కబురు చెప్పిన డ్రైవరు, "భాయ్ నిలబడమన్నాడు కదమ్మా" అన్నాడు.

ఆ పాట పాడాను. ఆ చోట ఆగాను. ఎవరూ అరవలేదు. ఆ డ్రైవరే బయటి కొట్టు నుంచి తెచ్చిన టీ గ్లాసు వేదిక అంచున పెట్టి, వెనక్కి తిరిగి, అచ్చం భాయ్ లాగా సాగదీసి కేకేశాడు. హాలంతా అందుకుంది. నేను మళ్ళీ గొంతెత్తాను. పాట అయ్యేదాకా ఆ గ్లాసు మీద పొగ లేస్తూనే ఉంది.