కింద కూడా ఒక నంబరు

ఆమోసు కాక కంటబడిన ప్రతి వస్తువుకూ రెండు నంబర్లు వేస్తాడు. పైన ఒకటి, కింద మళ్లీ అదే. బొగ్గుబాయిలో పైకప్పుకు దన్నుగా దుంగలు నిలబెట్టే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు పసుపు పెయింటు డబ్బాతో మా రామగిరి మీద పడ్డాడు. ఆయనింట్లో కుర్చీ వీపున నంబరుంటుంది, తిరగేస్తే అడుగునా ఉంటుంది. భార్య మార్తమ్మ చెప్పుల గతీ అంతే. ఓసారి మా ఇంటికి చాయ్‌కి వచ్చి, అది చల్లారేలోపు మా పీటలన్నిటికీ వేసేశాడు.

"కిందెందుకు కాకా?" అన్నాను.

"పైనది పోతే?"

"ఎటు పోతది?"

"పోయినంక అడుగుతవా సారూ?"

అలాంటి మనిషి చేతికి ఐలవ్వ టేకుతోట చిక్కింది. సన్న చెట్లు ఇరవై అమ్మి ఇంటికి కప్పు వేయించుకోవాలనీ, లావువి మనుమరాలు దీప పెద్దచదువుకు ఉంచాలనీ ఆమె ఆశ. ఫారెస్టు పర్మిషనూ వచ్చింది. కాక మూడు రోజులు తోటంతా పాకి, ప్రతి చెట్టుకూ ఛాతీ ఎత్తున ఒకటి, గడ్డి తొలగించి చెట్టు మొదలు దగ్గర ఒకటి వేశాడు.

"చెట్లకు గీ బొట్లేందన్నా, పేరంటమా?" అంది ఐలవ్వ.

పక్క చేను పోశమైతే కడుపు పట్టుకుని నవ్వాడు.

"నవ్వనియ్యి చెల్లె. అమ్మే ఇరవై నంబర్లు కాయితం మీద రాసి కట్టె కొనే సేటుతోని సంతకం పెట్టియ్యి," అన్నాడు కాక. ఆ కాయితం నేనే రాసి, సంతకం పెట్టించి, నా దగ్గర ఉంచాను.

ఐలవ్వ దవాఖానకు పోయిన రోజు చూసి, కట్టె సేటు నర్సింగం చెట్లు కొట్టించాడు. ఆమె వచ్చేసరికి లారీ నిండింది. దుంగలు చూసి ఆమె పెట్టిన కేకకు నేనూ, కాకా కాయితం పట్టుకుని ఉరికాం.

"లావువి కొట్టిండ్రు సారూ! దీప చెట్లు!"

"ఇరవై అన్నవ్, ఇరవై కొట్టిన. లెక్కవెట్టుకో," అన్నాడు సేటు.

లెక్క సరిగ్గానే ఉంది. దుంగల మీది నంబర్లు మాత్రం చెక్కేసి ఉన్నాయి. కాక మోకాళ్ల మీద కూర్చుని, నరికిన మొదళ్ల దగ్గర ఆకులు తుడవసాగాడు.

"పదమూడు. కాయితంల ఉన్నదా సారూ?"

"లేదు కాకా."

"ముప్పై ఒకటి?"

"లేదు."

అలా ఐదు తేలాయి. వాటికి బదులు పోవలసిన ఐదు సన్నవి తోటలో నిక్షేపంగా నిలబడి ఉన్నాయి.

"కూలోళ్లు పొరపాటు పడ్డరు," అని నసిగాడు సేటు.

"పొరపాటు లావు చెట్లకాడనే పడ్డదా?" అన్నాడు కాక.

నలుగురూ గుమిగూడేసరికి సేటు ఐదు దుంగలూ దింపి పోయాడు. కొట్టిన చెట్లను మళ్లీ నిలబెట్టలేం గానీ, దీప కట్టె దీపకే దక్కింది.

మర్నాడు కాక ఇంటి ముందు ఊరంతా చేరింది. అందరికంటే ముందు పోశం.

"నా చెట్లకు గూడ ఎయ్యి కాకా."

కాక తల గోక్కుని, "పెయింటు అయిపోయింది," అన్నాడు. అలిగాడనుకున్నాం. పోశం ఉసూరుమంటూ చేనుకు పోయి, కాసేపటికి పరుగున తిరిగొచ్చాడు.

"నా చెట్లకు ఏసే ఉన్నదిరో! గడ్డి కింద!"

అందరం తోటలకు ఉరికి వంగి చూశాం. అన్ని చెట్లకూ ఉన్నాయి. వానలకు వెలిసిన చోట మళ్లీ దిద్ది కూడా ఉన్నాయి. సిగ్గుపడుతూ కాక ఇంటికి తిరిగొచ్చాం.

"పైన ఏస్తే తిడ్తరు గదా," అన్నాడు కాక నేల చూపులు చూస్తూ. "పొద్దుగాల నడకకు వచ్చినప్పుడు కిందనే ఏసిన. పైన మీరేసుకోండ్రి."

మార్తమ్మ నడుమున చేతులు పెట్టుకుంది.

"నాలుగేండ్ల సంది నా ఇంటి తలుపులకు పెయింటెందుకు లేదో ఇయ్యాల తెలిసింది!"