జహీరా దుకాణంలో మిఠాయి డబ్బా

గని యంత్రాలకు జహీరా బిగించిన హైడ్రాలిక్ పైపు పగలాలంటే గోదావరి వెనక్కి పారాలి. ఒకసారి గనిలో డంపర్ బోల్తాపడి తుక్కుతుక్కయితే, అందులోంచి ఆమె పైపు ఒక్కటే లేచి పాకుతూ దుకాణానికి తిరిగొచ్చిందని నేను చాలామందికి చెప్పాను. ఇద్దరు నమ్మారు కూడా.

భర్త పోయాక గోదావరిఖనిలోని ఆ దుకాణాన్ని ఆమే నడిపింది. కొత్త మెకానిక్ ఎవరైనా వచ్చి "మీ ఆయన లేడా?" అని అడిగితే, "ఉన్నడు, ఖబరస్తాన్‌ల. పైపు పట్టుకొని ఆడికే పో" అనేది.

ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది మట్టి తీసే వజ్రతేజ కంపెనీ ఆమెకు పెద్ద గిరాకీ. యజమాని జగదీశ్వర్. రెండేళ్లు పైపులు తీసుకున్నాడు, రెండేళ్లూ "వచ్చే నెల" అన్నాడు. ఆమెకు రావాల్సింది కోటి దాటింది. సరుకంతా బ్యాంకు అప్పుతో తెచ్చింది. అది కట్టకపోతే పైపులు బిగించే మిషనుతో సహా దుకాణం పోతుంది. డ్రైవర్లకు భోజనం పెట్టిన సదయ్యకూ, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొట్టిన పోశంకూ లక్షల్లో బాకీ.

ఇంతలో జగదీశ్వర్ బావమరిది పేరు మీద కొత్త డంపర్లు దిగాయి. వాటి పూజకు బాకీవాళ్లందరినీ పిలిచి మటన్ పెట్టాడు. జహీరా వెంట నేనూ వెళ్లాను. డంపర్లకు పెళ్లికూతుళ్లలా పూలదండలు. జగదీశ్వర్ ఆకు ఆకుకూ వంగి "మొహమాటపడొద్దు, ఇంకో ముక్క" అంటూ తిరిగాడు. అన్నానికి ముందు ఇచ్చినవాడికి కృతజ్ఞత చెప్పాలని కాన్వెంట్‌లో సిస్టర్లు నేర్పారు. ఆ మేక సదయ్య డబ్బుదో పోశం డబ్బుదో తెలియక, ఎవరికి చెప్పాలో తేల్చుకోలేకపోయాను. జహీరా మాత్రం ఆకు ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

సరుకు తీసుకుని డబ్బివ్వని కంపెనీ మీద హైదరాబాదులోని కంపెనీల ట్రిబ్యునల్‌లో దివాలా కేసు వేయొచ్చనీ, కేసు తీసుకుంటే కంపెనీని యజమాని చేతిలోంచి లాగి ఒక అధికారికి అప్పగిస్తారనీ ఎవరో చెప్పారు. మా గనుల ఊళ్లో ఏ కొట్లాటైనా యూనియన్ పద్ధతిలోనే మొదలవుతుంది. ముగ్గురూ కలిసి ఒకే నోటీసు రాశారు. కింద వరసగా సంతకాలు. చివర పోశం సొంతంగా కలిపాడు: "లేనియెడల సమ్మె."

వకీలు వేణుమాధవ్ అది చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఇది గేటు మీటింగ్ కాదే! కలిసి ఇస్తే చెల్లది. ఎవరి నోటీసు వాళ్లదే. అండ్ల బాకీ గూడ కోటికి తగ్గొద్దు."

"మరి మేమెట్ల?" అన్నాడు సదయ్య.

"జహీరమ్మ ఒక్కతే వెయ్యాలె. కేసు తీసుకున్నంక మీరు మీ లెక్కలు ఆ అధికారికి ఇయ్యొచ్చు. కానీ అమ్మా, ముందు బ్యాంకులు, తరువాతే మీరు. ఎంతొస్తదో, అసలు వస్తదో రాదో నేను చెప్పలేను."

ఆమె తన పేరు మీద నోటీసు పంపింది. నోటీసులోని పది రోజుల గడువు ముగిసేనాడు జగదీశ్వర్ మిఠాయి డబ్బాతో దుకాణానికి వచ్చాడు.

"జహీరక్కా, మనం మనం ఒకటి. నీ పైసలు మొత్తం రేపే వేస్త. గా కేసు ముచ్చట ఇడిసిపెట్టు."

"సదయ్యన్నయి? పోశమన్నయి?"

"వాళ్లయి చిల్లర పైసలక్కా, తరువాత చూద్దం. నీ మిషన్ పోతదంట గదా. గా ఫికరుతోనే వచ్చిన."

ఆమె మిషను వైపు చూసింది. "రేపు చెప్త" అంది. అతను వెళ్లగానే సదయ్య క్యాంటీనుకు నడిచింది. ఆమెను చూసి సదయ్య పొయ్యి వైపు తిరిగాడు.

"పొద్దున్నే వచ్చి సగం ఇచ్చిండు చెల్లె. ఇగ బాకీ లేదని సంతకం పెట్టిచ్చుకున్నడు."

"నాతోని ఒక్క మాట అనకపోతివి?"

"నువ్వు నిన్ననే మొత్తం తీసుకున్నవని చెప్పిండు. నేను నమ్మిన."

"ఛీ!" అంది జహీరా. సదయ్యనో జగదీశ్వర్‌నో అర్థం కాలేదు. బహుశా ఇద్దరినీ. "నా పేరు చెప్పి నీ కష్టం సగానికి కొన్నడు. రేపు పోశమన్నకు నీ పేరు చెప్తడు."

ఆ సాయంత్రమే వకీలు దగ్గర కేసు కాగితాల మీద సంతకం పెట్టింది. మిషను పోతుందని ఆమెకు తెలుసు. వకీలు మళ్లీ చెప్పాడు కూడా. మర్నాడు హైదరాబాదు వెళ్లడానికి పోశం ఆమెనూ, తోడుగా నన్నూ తన ట్యాంకరులోనే రామగుండం స్టేషనుకు తీసుకెళ్లాడు. దారిలో బిల్లుల కోసం దుకాణం ముందు ఆపితే, ఆమె షట్టరు ఎత్తింది. బల్ల మీద మిఠాయి డబ్బా మూత తీసే ఉంది. చీమల బారు దాని దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి మళ్లింది. నా కళ్లతో చూశాను, నమ్మకపోతే మీ ఇష్టం.

"పారేయకపోయినవా చెల్లె?" అన్నాడు పోశం.

జహీరా దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుని షట్టరు దించింది.

"ఉండనీ అన్నా. అధికారి వస్తె కంపెనీ ఆస్తుల్ల రాసుకుంటడు."