నాటకం అయ్యాక స్ట్రైక్

ఇంగ్లీషులో ఎవరి సాయం లేకుండా నేను చదివిన మొదటి నోటీసు నాకు నిద్ర లేకుండా చేసింది. తప్పు చదవలేదు. ప్రతి అక్షరమూ సరిగ్గానే చదివాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

నాకు తెలుగు అక్షరాలే యాభై ఏళ్ళు దాటాక వచ్చాయి. అంతకుముందు జూట్ మిల్లులో వేలిముద్ర వేసి జీతం తీసుకున్నదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు ఈ దేశంలో సర్రీ అనే ఊరికి, మా అమ్మాయి దగ్గరికి వచ్చాక లైబ్రరీ క్లాసులో నేర్చుకున్నాను. కుట్టుపని మాత్రం ఎప్పటినుంచో వచ్చు. ఆ పనే నన్ను ఇక్కడ ఒక చిన్న థియేటర్‌లో దుస్తుల గదికి చేర్చింది. వేషాలు కుట్టడం, చిరిగినవి బాగుచేయడం, నాటకం నడుస్తుంటే పక్కన నిలబడి ఒక కోటు విప్పి ఇంకో కోటు తొడగడం, ఇదీ నా పని. మా అమ్మాయికి ఇష్టం లేదు. ఈ వయసులో ఉద్యోగమేమిటంటుంది. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వాన చూడటం నా వల్ల కాదని చెప్పాను. ఈ గది పోతే మళ్ళీ నాకు పనిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతి నాకూ తెలుసు, దానికీ తెలుసు.

గదిలో నాతోపాటు చిలీ దేశపు ఆవిడ ఉంది. నా ఈడుదే, మా ఇద్దరికీ ఇక్కడ ఇదే మొదటి నాటకం. ఆవిడది స్పానిష్, నాది తెలుగు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం. అందుకని కంటికి కనిపించిన వస్తువుకల్లా మూడు భాషల్లో పేర్లు చెప్పుకునేవాళ్ళం. నేను తెర అంటాను, ఆవిడ తెలోన్ అంటుంది, ఇక్కడివాళ్ళు కర్టెన్ అంటారు. స్టేజీకి అటూ ఇటూ వేలాడే సన్నటి నల్ల తెరలు ఇంగ్లీషువాళ్ళకి లెగ్స్. స్పానిష్‌లో పాతాస్. అవీ కాళ్ళేనట, కాకపోతే పశువుల కాళ్ళు. ఆవిడ ఆ మాట చెప్పి, వంగి గేదెలా నడిచి చూపించింది. హౌస్ అంటే ఇల్లు కాదు, జనం కూర్చునే హాలు. మొదట్లో హౌస్ ఓపెన్ అని ఎవరో అరిస్తే, ఎవరింటికి తాళం వేయడం మరిచిపోయారో అనుకున్నాను.

ఒక గురువారం స్టేజీ వెనక బోర్డు మీద కొత్త కాగితం కనబడింది. నిలబడి కూడబలుక్కుంటూ చదివాను. ఆదివారం, షో అయ్యాక, స్ట్రైక్, అందరూ ఉండాలి.

ఆ మాటకు నాకు డిక్షనరీ అక్కర్లేదు. మా మిల్లులో స్ట్రైక్ చేశాం. గేటు ముందు టెంటు వేసి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. యాజమాన్యం లాకౌట్ అంది. ఆ గేటు మళ్ళీ తెరుచుకోలేదు. నేను సగం కుట్టిన గోనెసంచి లోపలే ఉండిపోయింది.

గదిలోకి వచ్చి చిలీ ఆవిడకు చెప్పాను. ఫోనులో వెతికి, ఉయెల్గా అంది మెల్లగా. సమ్మె. వాళ్ళ నాన్న రాగి గనిలో పనిచేసినవాడు. ఆ మాట వాళ్ళింట్లో ఎలా వినిపించేదో ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

స్టేజ్ మేనేజర్‌ని అడిగితే పోయేది కదా అని మీకనిపించవచ్చు. పంజాబీ అమ్మాయి, ఆంటీజీ ఆంటీజీ అంటూ తిరుగుతుంది. మంచిదే. కానీ సమ్మె సంగతి ఆఫీసు మనిషిని అడగకూడదు. ఎవరు ఎటువైపో తెలియకుండా నోరు విప్పినవాళ్ళ గతి మిల్లులో చూశాను. ఇద్దరం గుసగుసలాడి తేల్చుకున్నాం, పనివాళ్ళు ఎటుంటే మనమూ అటే. ఉద్యోగం పోతే పోనీ అని పైకి అన్నాను.

ఆదివారం పొద్దున్నే పెద్ద గిన్నెడు పులిహోర కలిపాను. అమ్మాయి వంటింట్లోకి వచ్చింది.

"అంత పులిహోర ఎవరికమ్మా? పార్టీనా?"

"పనివాళ్ళకి. ఇవాళ స్ట్రైక్."

"అక్కడ యూనియనే లేదుగా, స్ట్రైకేంటి? సరిగ్గా చదివావా?"

"నీకంటే సరిగ్గా చదివాను. డ్రైవ్ చేసి దింపుతావా, బస్సులో మోసుకుపోనా?"

దింపింది. పోలీసులొస్తే ఫోన్ చేయమని మాత్రం చెప్పింది.

షో అయింది. చప్పట్లు అయ్యాయి. జనం వెళ్ళిపోయారు. గిన్నె పట్టుకుని స్టేజీ మీదకు వెళ్ళాను. నినాదాలుంటాయనుకుంటే డ్రిల్లుల మోత. ఇందాక తండ్రి వేషం వేసినతను నిచ్చెనెక్కి సెట్టు గోడ మేకులు పీకుతున్నాడు. స్టేజ్ మేనేజర్ నన్ను చూసి, గ్లవ్స్ తెచ్చుకోలేదా ఆంటీజీ అంది.

"మీ డిమాండ్ ఏంటి?" అన్నాను.

"డిమాండా?"

"స్ట్రైక్ కదా. దేనికోసం చేస్తున్నారు?"

ఆ పిల్ల నా వైపు, గిన్నె వైపు మార్చి మార్చి చూసింది. చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, దగ్గరికొచ్చి నిదానంగా చెప్పింది. ఆఖరి ఆట అయ్యాక సెట్టు విప్పి, సామాను సర్ది, స్టేజీ ఖాళీ చేయడాన్ని నాటకాలవాళ్ళు స్ట్రైక్ అంటారట. ఎవరి మీదా పోరాటం లేదు. నా వెనక చిలీ ఆవిడ దెస్మోంతార్ అని నుదురు కొట్టుకుంది. విప్పేయడమన్నమాట. వాళ్ళ భాషలో ఆ మాటకు సమ్మెతో ఏ చుట్టరికమూ లేదు. పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

"అయితే దుస్తుల గది మూసేయరా?" అన్నాను.

"ఎందుకు మూస్తాం? మంగళవారం కొత్త నాటకంవాళ్ళు కొలతలకు వస్తున్నారు. మీరు రాకపోతే కొలిచేదెవరు, ఆంటీజీ?"

అప్పుడు నేనూ ఆ పెట్టె మీదే కూర్చున్నాను. ఏడ్చానేమో కూడా. ఎవరూ పట్టించుకోలేదు, అందరి కళ్ళలోనూ చెక్కపొట్టు పడుతోంది.

గోడలు సగం ఊడిన ఆ నాటకపు ఇంట్లో నేల మీద కూర్చుని అందరూ పులిహోర తిన్నారు. తండ్రి వేషగాడు నిచ్చెన దిగివచ్చి రెండోసారి పెట్టించుకున్నాడు. ఇకమీదట ప్రతి స్ట్రైక్‌కూ ఇది ఉండాల్సిందే అన్నాడు. వండటానికి నాకేం బాధలేదు, ముందు ఆ మాట మార్చుకోండి అన్నాను.

మంగళవారం వెళ్ళేసరికి దుస్తుల గదిలో లైటు వెలుగుతోంది. చిలీ ఆవిడ అప్పటికే సూదిలో దారం ఎక్కిస్తోంది. నేను టేపు మెడలో వేసుకుని, ముందు నిలబడినవాణ్ణి చేతులు చాపమన్నాను.