ఒక్క అవకాడో తొక్కు కోసం ఇంద్రేశం ప్రయాణం

ఈ ప్రయాణం మా అత్తమ్మ పళ్ళతో మొదలైంది. తినే పళ్ళు కాదు, నోట్లో పళ్ళు. అన్నీ కదిలిపోయాయని డాక్టరు పీకేశాడు, కట్టుడు పళ్ళు రావడానికి ఇంకా టైముందన్నాడు. అప్పటిదాకా జావ, పాలు, పేస్టులా ఉడికిన అన్నం. జీవితమంతా ఉప్పూ కారం తిని బతికిన మనిషికి ఇవెలా దిగుతాయి? కొన్నాళ్ళు ఓర్చుకుని ఒకరోజు గిన్నె పక్కకి నెట్టేసింది. "నోరంత సప్పగైంది బిడ్డా, నాకొద్దు" అంది. ఇక అంతే, మొండికేసింది. జాకెట్లు వదులై భుజాల మీంచి జారిపోతున్నాయి. మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకుంటోంది. నాకు నిజంగా భయం పట్టుకుంది.

అదే సమయంలో మా తమ్ముడు బెంగుళూరు నుంచి ఇంద్రేశంలో మా పుట్టింటికి అవకాడోలు తెచ్చాడు. అక్కడ వాటిని బటర్ ఫ్రూట్ అంటారట, వెన్నలా మెత్తగా ఉంటాయట, ఒంటికి బలమట. నమలక్కర్లేని పండు! ఉప్పు, నిమ్మకాయ, కాస్త కారం వేసి మెదిపితే తొక్కులా ఉంటుందని అత్తమ్మకి చెప్పాను. "తొక్కు జేస్తె తింట" అంది. చాలా రోజుల తరవాత ఆ నోట్లోంచి 'తింట' అన్న మాట వచ్చింది. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "బటర్ ఫ్రూట్ తొక్కు మా అత్తమ్మకి కావాలమ్మా, జాగ్రత్తగా ఉంచు, రేపు వస్తున్నా" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

మాది తెనాలి వైపు. నాన్న పటాన్‌చెరు వైపు ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికొచ్చి, రిటైరయ్యాక ఇంద్రేశంలో ప్లాటు కొని ఇల్లు కట్టారు. నేను సంగారెడ్డి కోడల్ని. సంగారెడ్డి నుంచి ఇంద్రేశం వెళ్ళాలంటే ముందు పటాన్‌చెరు బస్సెక్కాలి. పొద్దున్నే వెళ్తే సీటు దొరుకుతుంది. తొమ్మిది దాటిందా, ఆఫీసులకెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఫ్యాక్టరీ కార్మికులు అందరూ అదే బస్సులో. ముప్పావుగంట దారి అంటారు, నమ్మకండి. కంది దగ్గర లారీ అడ్డం తిరిగి ఆగిపోయింది, ఇస్నాపూర్ దగ్గర మళ్ళీ ఆగాం. కిటికీ తెరిస్తే మందుల కంపెనీల వాసన, మూస్తే చెమట. పటాన్‌చెరులో దిగేసరికి నా తల పగిలిపోతోంది.

అక్కణ్ణుంచి ఇంద్రేశానికి షేర్ ఆటో. మనిషికి ఐదు రూపాయలే గానీ నిండితే కదలదు, పొంగితేనే కదులుతుంది.

"ఇంకొక్కరు రానీ అక్కా" అన్నాడు డ్రైవరు.

"ఎక్కడ కూర్చోబెడతావయ్యా?"

"నా పక్కన జాగున్నది."

"అక్కడ ఆల్రెడీ ఇద్దరున్నారు!"

"జెర సర్దుకుంటరు తియ్. గింత పరేషానైతె ఎట్లక్కా?"

ఇంద్రేశంలో దిగాక ఎండలో నడక. కొత్త లేఅవుట్లో హద్దురాళ్ళున్నాయి, రంగుల బోర్డులున్నాయి, రోడ్డొక్కటే లేదు. ఇంట్లో అడుగుపెట్టగానే మంచినీళ్ళు కూడా తాగకుండా "పళ్ళేవమ్మా?" అన్నాను. అమ్మ ఎంతో గొప్పగా ఒక స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తీశాను. లోపల శుభ్రంగా కడిగి తుడిచిన ఆకుపచ్చ తొక్కలు.

"ఏమిటమ్మా ఇది?"

"తొక్కు. నువ్వే కదుటే మీ అత్తగారికి తొక్కు కావాలన్నావు? బీరతొక్కు పచ్చడిలా చేసుకుంటారు కాబోలనుకున్నా."

నెత్తి బాదుకున్నాను. తెనాలిలో తొక్కు అంటే పైన ఒలిచేది. సంగారెడ్డిలో తొక్కు అంటే నూరిన పచ్చడి. అక్కడ ఇన్నేళ్ళు కాపురం చేసి నా నోరు ఆ ఊరిదైపోయింది, అమ్మ చెవి మాత్రం తెనాలిలోనే ఉంది.

"మరి లోపలి గుజ్జు?"

"పాలూ పంచదారా వేసి కొట్టి మీ నాన్నకీ తమ్ముడికీ ఇచ్చా. బాగుందన్నారు."

ఏడుపొచ్చింది. అత్తమ్మ తింటానన్నది ఒక్కసారే, మళ్ళీ అంటుందో లేదో. నా మొహం చూసి అమ్మ కంగారుపడి, "ఉండు, ఒకటి గట్టిగా ఉందని బియ్యం డబ్బాలో వేశా" అని పరుగెత్తింది. బియ్యంలోంచి తీసి నొక్కితే వేలికి మెత్తగా తగిలింది. పండింది! విడమరిచి చెప్పే ఓపిక లేక తొక్కల డబ్బా అక్కడే వదిలేసి, ఆ పండు సంచిలో వేసుకుని బయల్దేరాను.

తిరుగు ప్రయాణం షిఫ్టు వదిలే వేళకి పడింది. ఆ వేళకి బస్సెక్కకండి, చేతిలో పండుంటే అసలే ఎక్కకండి. నిలబడ్డానికి చోటు లేదు, సంచి గుండెకి హత్తుకుని నిలబడ్డాను. కండక్టరు, "ఆ సంచి కింద పెట్టమ్మా" అన్నాడు.

"పెట్టను."

"ఏందమ్మా, గుడ్లా?"

"పండు."

"ఒక్క పండా? ఒక్క పండు కోసం గింత లొల్లా?" బస్సంతా నవ్వింది. నవ్వుకోండి, నాకేం?

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి పోయాను. పండు నిలువునా కోసి, గింజ తీసి, చెంచాతో గుజ్జు గిన్నెలోకి తీశాను. వెంటనే నిమ్మరసం పిండాలి, లేకపోతే నల్లబడుతుంది. ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు కారం, చిదిమిన వెల్లుల్లి వేసి పప్పుగుత్తితో మెదిపాను. పోపు విడిగా పెట్టి, చల్లారాక కలిపాను. గుజ్జుని మాత్రం పొయ్యెక్కించకండి, చేదెక్కుతుంది, ఇంత తిరుగుడూ వృథా అవుతుంది. ఈ ప్రయాణంలో నేనివ్వగల సలహా అదొక్కటే.

మెత్తటి అన్నంలో కలిపి ముద్ద చేసి అందించాను. అత్తమ్మ నోట్లో పెట్టుకుని చాలాసేపు చప్పరించింది. "గిదేం పండో గని మంచిగుంది బిడ్డా. ఇంకింత కలుపు" అంది. పగలంతా నాకున్న విసుగు ఎటు పోయిందో తెలీదు. ఊరు మారితే మాట మారుతుంది, మాట మారితే మనుషులు అలిసిపోతారు, అయినా ఎలాగో ఆకలి దగ్గరికి అన్నం చేరుతుంది.

ఇంతలో అమ్మ ఫోన్ చేసింది. అత్తమ్మ నా చేతిలోంచి లాక్కుని, బోసినోటితోనే గట్టిగా, "వదినా, తొక్కు మస్తుగున్నది!" అంది.

అటునుంచి మా అమ్మ గొంతు వంటింటిదాకా వినిపించింది. "చూశారా వదినగారూ! మీ కోడలు ఆ తొక్కల డబ్బా ఇక్కడే వదిలేసి పోయిందే, మరి ఒక్క పండు మీది తొక్కు మీకేం సరిపోతుందండీ?"